అబ్బే చూడబోయి

ముందే చెబుతున్నాను, ఇది నా నోటి దురద వల్ల జరిగిన ఘోరం. ఒకే ఒక్క ఇంగ్లీషు మాట, అదీ పట్టుమని రెండక్షరాలు లేనిది, నా నోట్లోంచి జారింది. దాంతో ఇంగ్లండులో ఒక పల్లెటూళ్ళో పూలమొక్కలు కత్తిరించుకుంటున్న పెద్దావిడా, సూటేసుకున్న ఇళ్ళ బ్రోకరూ, దూరం నుంచి కారేసుకొచ్చిన మొగుడూపెళ్ళాలూ, జలుబుతో మంచమెక్కిన మా ఇంటి యజమానురాలూ, అందరూ ఒక్కరోజులో తలకిందులైపోయారు. అప్పుడు నాకు ముప్ఫై మూడేళ్ళు. బుద్ధి రావలసిన వయసే. దారిలో ఎక్కడో ఆగిపోయినట్టుంది.

మాది కోనసీమలో మామిడికుదురు దగ్గర. కువైట్‌లో, సాల్మియాలో, ఒక కువైటీ వాళ్ళింట్లో వంట చేస్తాను. ఇంటావిడని ఇక్కడ పనిచేసే ఆడవాళ్ళందరం పిలిచినట్టే మామా అంటాను. ఆవిడ తల్లి మామా కబీర్, అంటే పెద్ద మామా. వాళ్ళతో నా మాటలన్నీ అరబ్బీలోనే. మీకోసం తెలుగు చేసి రాస్తున్నాను.

ఆ వేసవికి ముందు మామా కబీర్‌కి తుంటి ఆపరేషన్ అయింది. డాక్టర్లు నడవమన్నారు. ఆవిడ నడవనంది. కనీసం చక్రాల కుర్చీలో బయటికి రమ్మంటే అదీ రానంది. ఏ మాటకైనా ఒకటే జవాబు, "ఖలాస్." అయిపోయింది, ఇంక చాలు అని. ఒకప్పుడు ఇల్లంతా అదరగొట్టిన మనిషి, నాలుగు నెలలుగా గోడవైపు తిరిగి పడుకుంది. నేను చేసిన చేపలకూర కూడా రెండు మెతుకులు కలిపి వదిలేసేది. అన్నిటికన్నా నాకు బాధ అదే.

చల్లగాలి తగిలితే మనిషి మారుతుందేమోనని మామా ఇంగ్లండు ప్రయాణం పెట్టింది. లండన్ వద్దనుకుంది. ఎండాకాలం లండన్ వెళ్తే వీధికో కువైటీ చుట్టం ఎదురవుతుందట, అందరికీ కాఫీలిచ్చుకుంటూ కూచోవాలట. అందుకని ఎవరూ రాని పల్లెటూళ్ళో నెల్లాళ్ళకి ఒక ఇల్లు తీసుకుంది. తోడు ఎవరు? నేను. ఎందుకు? నాకు ఇంగ్లీషు వచ్చునని నేనే చెప్పాను. పదో తరగతిలో ఇంగ్లీషులో స్కూలు ఫస్టు అని కూడా చెప్పాను. అబద్ధం కాదు. ఆ ఏడాది మా స్కూల్లో ఇంగ్లీషు గట్టెక్కింది ముగ్గురమే అన్న సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మా డ్రైవరు మస్తాన్‌కి మాత్రం అనుమానం వచ్చింది. కడప పిల్లవాడు, మాట దాచుకోడు.

"ఏమక్కా, నీకు ఇంగ్లీషు నిజంగా వస్తాదా?"

"రాపోతే మామా నన్నెందుకు తీసుకెల్తార్రా తమ్ముడూ?"

"నిన్ను పిల్చుకపోతాండేది వంటకక్కా. మాట్లాడేదానికి గాదు."

"సూత్తా ఉండు. నేనెల్లొచ్చేక ఇంగ్లండోల్లు నన్ను గుర్తెట్టుకుంటారు."

ఆ మాట అక్షరాలా నిజమైంది. ఎలాగన్నదే గొడవ.

ఆ ఊరు చేరాక మేం దిగిన ఇంటికేసి తలెత్తి చూశాను. పైన గడ్డి కప్పు. మా ఊళ్ళో పూరిల్లు పీకి డాబా వేసుకోవాలని నేను కువైట్ వచ్చాను. కువైట్ వాళ్ళేమో విమానమెక్కి, అద్దె ఇచ్చి మరీ, పూరింట్లో ఉండటానికి ఇక్కడికొచ్చారు. ఊరు మాత్రం ఎవరో కడిగి ఆరబెట్టినట్టుంది. ఒక చర్చి, ఒక టీ దుకాణం, రాతి గోడల మధ్య సన్నటి దారి, గోడలకవతల గొర్రెలు. కువైట్‌లో బయట కాలు పెడితే చెప్పు అతుక్కుపోయే రోజులవి. ఇక్కడ నేను రెండు స్వెట్టర్లు వేసుకుని, సాక్సులు వేసుకుని, పైన దుప్పటి కప్పుకుని వంట చేశాను.

మూడో రోజుకి మామాకి జలుబు పట్టుకుంది. ముక్కు ఎర్రగా మిరపపండులా చేసుకుని నన్ను పిలిచింది.

"సత్యా, రేపు మా అమ్మని అబ్బేకి తీసుకెళ్తావా?"

నేను తెల్లబోయాను. మన భాషలో అబ్బే అంటే వద్దనో కాదనో కదా.

"తీసుకెళ్ళాలా, వద్దా మామా?"

"తీసుకెళ్ళమనేగా అంటున్నాను. అబ్బే అంటే పాతకాలం మఠం. సన్యాసులుండేవాళ్ళు, రాజులు వచ్చి దిగేవాళ్ళు. ఈ రోడ్డు పట్టుకుని తిన్నగా వెళ్ళడమే, బోర్డు ఉంటుంది. చదవగలవుగా?"

చదవగలవా అని స్కూలు ఫస్టుని అడిగింది. నేను నొచ్చుకోలేదు, జలుబు మనిషి కదా అని ఊరుకున్నాను.

మామా కబీర్‌ని ఒప్పించడానికి గంట పట్టింది. ఆఖరికి, మీరు రాకపోతే మీ అమ్మాయి నన్ను తిడుతుంది అని కళ్ళు తుడుచుకున్నాను. ఆవిడ విసుక్కుంటూ నల్ల అబాయా వేసుకుని కుర్చీలో కూచుంది. తోసుకుంటూ బయల్దేరాను. పావుగంట నడిచాక రాతి గేటు, దాని మీద ఇత్తడి పలక. కూడబలుక్కుని చదివాను. అబ్బే హౌస్. లోపల పెద్ద రాతి ఇల్లు, గోడ నిండా గులాబీలు. రాజులు దిగారంటే దిగే ఉంటారు.

గేటు తీసేసరికి తెల్లజుట్టు పెద్దావిడ ఒకామె ఎదురొచ్చింది. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చేతిలో కత్తెర. పేరు డొరతీ అంది. మా ఇద్దరినీ చూసి, గడియారం చూసుకుని, "మీరు పదకొండు గంటల వాళ్ళేనా?" అని అడిగింది.

నేనూ నా గడియారం చూశాను. సరిగ్గా పదకొండు.

"ఎస్," అన్నాను.

ఆ ఇల్లు అమ్మకానికి పెట్టారనీ, పదకొండింటికి కొనుగోలుదార్లు వస్తారని బ్రోకరు చెప్పాడనీ, ఆవిడ మమ్మల్ని వాళ్ళే అనుకుందనీ నాకేం తెలుసు? నాకు తెలిసిందల్లా ఈ మ్యూజియంలో మర్యాద బాగుందని.

డొరతీ గారు ముందు, వెనకాల మేము. ఆవిడ ఇంగ్లీషు వర్షం చినుకుల్లా టపటపా పడుతోంది. అందులో నాకు దొరికిన మాటలు పట్టుకుని, మిగిలింది నేనే కుట్టి, మామా కబీర్‌కి అరబ్బీలో చెబుతున్నాను.

"ఫైవ్ బెడ్‌రూమ్స్," అంది డొరతీ గారు.

"రాజుగారికి ఐదుగురు రాణులట," అన్నాను.

మామా కబీర్ తల తిప్పింది. నాలుగు నెలల తరవాత ఆవిడ ఒక మాట విని తల తిప్పడం అదే మొదలు. "ఐదుగురా? మన వాళ్ళు నలుగురితోనే ఆపారు," అంది.

నాకు ఊపొచ్చింది. ఇంక నన్ను ఆపేదెవరు? కింద స్నానాలగదిలో పెద్ద పింగాణీ తొట్టి కనిపిస్తే, యుద్ధం నుంచి వచ్చి రాజుగారు ఇందులోనే మునిగేవారని చెప్పాను. డొరతీ గారు గోడకున్న ఇనప డబ్బా తట్టి "న్యూ బాయిలర్" అంటే, ఖజానా అన్నాను. మంచం మీద పిల్లి పడుకునుంది. మంచం కింద చెప్పులున్నాయి. వంటింట్లో ఫ్రిజ్జుంది, పెరట్లో బట్టలారేశారు. అవన్నీ కాపలా వాళ్ళవి అని నాకు నేనే సర్దుకున్నాను. తలలో బుద్ధుండాల్సిన చోట గర్వం కాపురముంటే మనిషికి ఫ్రిజ్జు కూడా పురావస్తువులాగే కనిపిస్తుంది.

అంతటితో ఆగినా బావుండేది. ఆ స్నానాలగది ఈశాన్యం మూలన ఉందని గమనించాను. వాస్తు చూడకుండా ఉండలేం కదా మనం. వేలు చూపించి, "నార్త్ ఈస్ట్, టాయిలెట్, నాట్ గుడ్," అన్నాను.

డొరతీ గారు గంభీరంగా తలూపి, కావాలంటే మార్చుకోవచ్చు అంది. మేమొకరోజు చూడ్డానికొస్తే మాకోసం మ్యూజియంలో గదులు మారుస్తామంటున్నారు. నా ఛాతీ ఎంత పొంగిందంటే రెండు స్వెట్టర్లూ బిగుసుకుపోయాయి.

తరవాత తోటలో కూచోబెట్టి టీ ఇచ్చింది. పళ్ళెంలో కేకు ముక్కలు పట్టుకుని మా ముందు నిలబడింది. ఇంటివైపు ఒకసారి చూసింది, గులాబీల వైపు చూసింది. గొంతు సవరించుకుని నెమ్మదిగా అడిగింది.

"సో, విల్ యూ టేక్ ఇట్?"

చేతిలో కేకుంది. తీసుకుంటారా అంటోంది. ఇందులో ఆలోచించడానికేముంది?

"ఎస్," అన్నాను. "ఎస్ ఎస్. వి టేక్." రెండు ముక్కలు తీసుకున్నాను, ఒకటి నాకు, ఒకటి మామా కబీర్‌కి.

డొరతీ గారికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపింది. మామా కబీర్ భుజం నిమిరింది. మేమెక్కడ దిగామో అడిగింది, చెప్పాను. కేకు తీసుకున్నందుకు ఇంత సంతోషపడే జాతిని నేను ఇంకెక్కడా చూడలేదు. పెళ్ళిళ్ళలో కొసరి కొసరి వడ్డించే మా గోదావరి వాళ్ళు కూడా ఏడవరు.

ఇంతలో గేటు దగ్గర కారాగింది. ఒక మొగుడూపెళ్ళాలు దిగారు. డొరతీ గారు వెళ్ళి వాళ్ళతో ఏదో చెప్పి, సారీ సారీ అంటూ గేటు మూసేసింది. పాపం కారులో వచ్చినావిడ మొహం వేలాడేసింది. మేమున్నామని మిగతా జనాన్ని రానివ్వడం లేదన్నమాట. నేను కుర్చీలో వెనక్కి వాలి, వాళ్ళకి చెయ్యి ఊపాను.

ఇంటికొచ్చేదారిలో మామా కబీర్ అడిగింది, "సత్యా, రాత్రికి చేప ఉందా?" కుర్చీ తోస్తున్న నా చేతులు ఆగిపోయాయి. ఆకలేస్తోందని ఆవిడ నోరు తెరిచి అడిగింది. ఆ రోజు నేను రాణిలా నడిచాను.

సాయంత్రం నాలుగింటికి తలుపు తట్టారు. నీలం సూటు వేసుకున్నాయన, చేతిలో పూలగుత్తి, కాగితాల సంచి. మామా ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని వెళ్ళింది. ఆయన బ్రోకరు. నవ్వుతూ అభినందనలు చెప్పాడు. మామాకి ఇంగ్లీషు బాగా వచ్చు. అదే నా ఖర్మ.

ఆవిడ మెల్లగా నావైపు తిరిగింది. "సత్యా, నేను ఇక్కడ ఇల్లు కొన్నానట."

"ఎవరు చెప్పారు మామా?"

"ఈయన. నువ్వు అవునన్నావట. మా అమ్మ ముందే, రెండుసార్లు. పదకొండింటికి రావలసిన అసలు వాళ్ళు ఆలస్యంగా వస్తే, ఇల్లు అమ్ముడుపోయిందని గేటు దగ్గర్నించే పంపించేశారట. స్నానాలగది మాత్రం నచ్చలేదన్నావట."

నా కాళ్ళ కింద నేల వెళ్ళి ఆ గొర్రెల్లో కలిసింది. కేకు, చెయ్యూపడం, ఈశాన్యం, అన్నీ ఒక్కసారిగా తెలిసొచ్చాయి. తరవాత బుర్రలోకి వచ్చింది ఒక్కటే, ఇఖామా. కువైట్‌లో నేను ఉండటానికి ఆధారం ఆ కాగితమే. మామా ఒక్క సంతకం పెడితే ఖలాస్, మరుసటి విమానానికి నేను మామిడికుదురులో ఉంటాను. ఊళ్ళో అడుగుతారు, ఎందుకు పంపించేశారే అని. ఇల్లు కొన్నాను, అందుకని చెప్పాలి.

"కేకు అనుకున్నాను మామా," అన్నాను. జరిగిందంతా మొదట్నించి చెప్పాను. రాజుగారి తొట్టి దగ్గరికొచ్చేసరికి వెనక గదిలోంచి ఏదో చప్పుడు. మామా కబీర్. గురక అనుకున్నాం ముందు. నవ్వు. కుర్చీ చేతులు పట్టుకుని, పొట్ట కదిలిపోయేలా, కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వుతోంది.

"ఐదుగురు రాణులూ లేరా?" అంది.

"లేరు మామా కబీర్. పడగ్గదులు."

మళ్ళీ నవ్వింది. మామా నన్ను తిట్టడానికి తెరిచిన నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. తల్లినే చూస్తోంది. బ్రోకరు పూలగుత్తి ఎవరికివ్వాలో తెలీక కాసేపు నిలబడి, బల్ల మీద పెట్టాడు. మామా ఆయనకి క్షమాపణ చెప్పి, పెద్దావిడకి రేపు మేమే చెబుతామని పంపించింది. తలుపేసి నా దగ్గరికొచ్చింది.

"నిన్ను నేనేమీ అనను. మా అమ్మ నవ్వింది. కానీ ఆ పెద్దావిడకి ఏం జరిగిందో నేను చెప్పను, ఫోనూ చెయ్యను. అవునన్న నోరే వెళ్ళి కాదని చెప్పాలి. రేపు పొద్దున్నే."

ఆ సాయంత్రమంతా వంటింట్లో రవ్వలడ్డూలు చుడుతూ ఇంగ్లీషు వాక్యాలు చుట్టుకున్నాను. లడ్డూలు బాగానే నిలబడ్డాయి. వాక్యాలే విరిగిపోయాయి. మర్నాడు పొద్దున్న డబ్బా పట్టుకుని ఒంటరిగా ఆ గేటు ముందు నిలబడ్డప్పుడు, పరుగెత్తుకుని వెనక్కి వెళ్ళిపోదామనిపించింది. వెళ్ళలేదు. ఈ మొత్తం గొడవలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

డొరతీ గారు తలుపు తీసింది. హాల్లో అప్పటికే సగం సామాను అట్టపెట్టెల్లో సర్దేసి ఉంది. అది చూసేసరికి చుట్టుకొచ్చిన వాక్యాలన్నీ ఎగిరిపోయాయి. మిగిలింది చెప్పాను.

"మేడమ్, సారీ. ఐ థింక్ మ్యూజియం. యూ థింక్ కస్టమర్. యూ సే టేక్ ఇట్. ఐ థింక్ కేక్."

ఆవిడ నన్నూ, డబ్బానూ, అట్టపెట్టెలనూ మార్చి మార్చి చూసింది. మెట్టు మీద కూలబడింది. మొహంలో రంగు పోయింది. నేనూ కింద మెట్టు మీద కూచున్నాను. ఆవిడ అడిగింది, "అయితే ఆ లేడీకి నా బాత్‌రూమ్ గురించి ఏమని చెప్పావు?"

దాచి లాభం లేదు. "కింగ్," అన్నాను. "ఆఫ్టర్ వార్, కింగ్ టేక్ బాత్."

ఆవిడ రెండు చేతుల్లో మొహం దాచుకుంది. ఏడుస్తోందనుకుని హడలిపోయాను. చేతులు తీస్తే, నవ్వు. ఆ తొట్టి తనూ పోయిన భర్తా కలిసి కొన్నదట. ఆయన యుద్ధం కాదు కదా, కోళ్ళని కూడా అదిలించలేని మనిషట.

తరవాత ఆవిడ ఒక సంగతి చెప్పింది. అబ్బే చూడబోయి మీరు మరీ తప్పు చోటికేమీ రాలేదు, అంది. నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, వంటింటి గోడలో ఒక రాయి చూపించింది. దాని మీద చెక్కిన తీగ. పూర్వం ఒక రాజు మఠాన్ని పడగొట్టిస్తే, ఊరివాళ్ళు ఆ రాళ్ళు మోసుకొచ్చి ఇళ్ళు కట్టుకున్నారట. ఈ ఇంట్లో సగం ఆ మఠమేనట. నేను ఆ రాయి మీద చెయ్యి పెట్టి, పోయిన గర్వంలో కొంత వెనక్కి తీసుకున్నాను.

కానీ వెనక్కి పంపిన కొనుగోలుదార్ల సంగతి? డొరతీ గారు సముద్రం ఒడ్డున చెల్లెలి దగ్గరికి వెళ్ళి ఉందామనుకుంటోంది. మెట్లెక్కలేకపోతోంది. "యూ కాల్ బ్రోకర్," అన్నాను. "కాల్ దెమ్. ఐ కమ్. ఐ సే సారీ." ఆవిడ ఫోను చేసింది. వాళ్ళు అలిగారు, బతిమాలితే శనివారం వస్తామన్నారు.

ఈలోగా రెండు రోజులు, మామా అనుమతితో, వంట కాగానే అక్కడికి వెళ్ళాను. కువైట్‌లో విందులకి ఇల్లు సిద్ధం చేసిన చేతులివి. కిటికీలు తుడిచాను, ఇత్తడి తోమాను, పిల్లిని మంచం దించాను, చెప్పులు లోపల పెట్టాను. పని చేస్తుంటే డొరతీ గారు ఒక్కో గది కథ చెప్పింది, ఈసారి నిజం కథ. అర్థం కాకపోతే అడిగాను. అడగడమనే పద్ధతి ఒకటుందని అప్పుడే తెలిసింది.

శనివారం వాళ్ళొచ్చారు. ముందు నేను చేతులు జోడించి సారీ చెప్పాను. వాళ్ళలో భార్య నన్ను గుర్తుపట్టింది, చెయ్యూపిన మనిషిని ఎవరు మర్చిపోతారు? డొరతీ గారు కంగారుపడి మాటలు తడుముకుంది. అప్పుడు నేనే ముందు నడిచాను. "దిస్ స్టోన్, అబ్బే స్టోన్," అని గోడ చూపించాను. దీపం పట్టి తీగ చూపించాను. "దిస్ బాయిలర్, న్యూ," అన్నాను, ఖజానా ఊసెత్తలేదు. తోటలో యాలకుల టీ ఇచ్చి, లడ్డూలు పెట్టి, నోరు మూసుకుని పక్కన నిలబడ్డాను. తీసుకుంటారా అని డొరతీ గారు అడిగింది. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మొగుడు "ఎస్" అన్నాడు. వాళ్ళ చేతుల్లో లడ్డూలున్నాయి కాబట్టి నేను ఒప్పుకోలేదు. "హౌస్ ఆర్ లడ్డూ?" అని గట్టిగా అడిగి, "హౌస్" అనిపించాను.

ఆదివారం డొరతీ గారు తన కారులో మమ్మల్ని అసలు మఠానికి తీసుకెళ్ళింది. మామా జలుబు తగ్గి తనూ వచ్చింది. పచ్చిక మైదానం మధ్యలో ఎత్తయిన రాతి గోడలు, ఖాళీ కిటికీలు, వాటిలోంచి ఆకాశం. తలుపుల్లేవు, పైన ఏమీ లేదు. కాకులు తిరుగుతున్నాయి. మామా కబీర్ కుర్చీలోంచి లేస్తానంది. నా భుజం పట్టుకుని, ఆపరేషన్ అయిన కాలు నేల మీద ఆనించి, ఒకటి, రెండు, పది అడుగులు వేసింది. మామా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గోడ దాకా నడిచి, తలెత్తి చాలాసేపు చూసి, మామా కబీర్ నా చెవి దగ్గరికి వంగింది.

"సత్యా, ఈసారి ఎవరేమడిగినా అవుననకు. దీనికి పైకప్పు లేదు."

కాబట్టి చదువరులారా, ఆ శిథిలాల సాక్షిగా, నా రెండు స్వెట్టర్ల సాక్షిగా, నేను ప్రమాణం చేశాను. ఈ జన్మలో ప్రశ్న పూర్తిగా అర్థం కాకుండా అవునని అనను. ఎదుటి మనిషి చేతిలో ఎంత మంచి కేకున్నా అనను. కాకపోతే ఒక్కటి. ఇంగ్లండులో ఐదు పడగ్గదుల రాతి ఇల్లు కొని, ఇరవై నాలుగ్గంటలు తిరక్కుండా వాపసు చేసి, మూడు రోజుల్లో దాన్ని ఇంకొకరికి అమ్మించిపెట్టిన వంటమనిషి కోనసీమ మొత్తం మీద ఇంకెవరైనా ఉంటే చెప్పండి, వెళ్ళి దణ్ణం పెట్టుకుంటాను.